రేపు పదకొండూ పన్నెండుకి

తెనాలిలో ఒక నర్సింగ్ హోమ్. ఆరో నంబరు గది, ఉదయం తొమ్మిదిన్నర. మంచం మీద తొలికాన్పుకొచ్చిన మేధ, పక్కన ఆయమ్మ రావమ్మ.

"నొప్పులా? లేవండీ. అస్సలు లేవు."

"నొప్పులున్నాయా అని నేనడగలేదమ్మాయ్. టిఫిన్ తిన్నావా అని అడిగాను."

"ఆఁ... తిన్నానండి. రెండిడ్లీ."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ యవ్వారం. ఏదీ, ఇటు తిరుగు. ఆ గోడలో ఏం కనపడుతోంది నీకు?"

"ఎడం పక్కకి తిరిగి పడుకోమన్నారు కదండీ డాక్టరు గారు."

"పడుకోమన్నారు. మంచం కడ్డీ పీకమన్లేదు. అంత గట్టిగా పట్టుకున్నావేం?"

"ఊరికే. అలవాటు."

"మంచం కడ్డీ పట్టుకునే అలవాటా! బానే ఉంది."

"మీరెళ్ళండి ఆయమ్మా. నేను కాసేపు పడుకుంటాను."

"వెళ్తాలే. నా పేరు రావమ్మ. ఆయమ్మా అన్నా పలుకుతా, రావమ్మా అన్నా పలుకుతా. ఇదిగో గౌను. ఆ నైటీ విప్పేసి ఇది తొడుక్కో, ముళ్ళు వెనకాల పడాలి. గాజులు తీసి మీ అమ్మకిచ్చెయ్. మీ అమ్మేదీ?"

"కొబ్బరిబోండాం తెస్తానని కిందకెళ్ళిందండి. గౌను ఇప్పుడే ఎందుకు? ఆపరేషన్ రేపు కదా. రేపు పదకొండూ పన్నెండుకి."

"పదకొండుకా, పన్నెండుకా? ఏదో ఒకటి చెప్పు తల్లీ."

"పదకొండు గంటల పన్నెండు నిమిషాలకండీ. మా మావగారు పెట్టిన ముహూర్తం."

"మీ మావగారెవరు?"

"వెంకటరాఘవయ్య గారు. బాపట్ల."

"బాపట్ల సిద్ధాంతి గారా! అమ్మో, ఆయన కోడలివా నువ్వు! మా రేపల్లె నుంచి కూడా పెళ్ళిళ్ళకి ఆయన దగ్గరికే పోతారు. మా చెల్లెలి కూతురి పెళ్ళికి ఆయన పెట్టిందే. తెల్లారుజామున మూడింటికి పెట్టాడు మహానుభావుడు, పిల్లాడు పీటల మీదే కునికిపాట్లు పడ్డాడు."

"ఇప్పుడు పెళ్ళిళ్ళ కన్నా వీటికే ఎక్కువొస్తున్నారండీ. ఆపరేషన్లకి. కారంచేడు నుంచి కూడా కార్లేసుకుని వస్తారు, పుట్టే పిల్లలకి టైము రాయించుకోడానికి. ఆయన రాశారంటే అంతే, సెకను కూడా... అమ్మా!"

"ఏంటి?"

"దోమ."

"నేనొచ్చినప్పుడు కడ్డీ పట్టుకుంది కూడా దోమకే అనుకుంటా. మా తెనాలి కాలవ దోమలు మరీ టైము చూసుకుని కుడుతున్నాయే! ఊపిరి బిగపట్టకు. వదులు. వదులమ్మాయ్. ఆఁ, అదీ. పోయిందా?"

"ఏది?"

"దోమ."

"పోయిందండి."

"ఇదిగో, నా కళ్ళలోకి చూసి చెప్పు. ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"కడుపొచ్చిన సంగతన్నా నాలుగు నెలలు దాచొచ్చు గానీ కాన్పు దాచలేవే పిచ్చిదానా. పదహారేళ్ళయింది నేనిక్కడ చేరి. ఎప్పట్నుంచి?"

"తెల్లవారుజాము నుంచి."

"తెల్లవారుజామంటే?"

"నాలుగింటి నుంచండి."

"నాలుగింటి నుంచా! తొమ్మిదికి అడ్మిషన్ రాసేటప్పుడు కీర్తన సిస్టర్ అడిగింది కదా, నొప్పులేమన్నా ఉన్నాయా అని. నేను అక్కడే ఉన్నా. 'లేవండీ' అని ఎంత ముద్దుగా చెప్పావు!"

"ఇవి అసలు నొప్పులు కావండీ. ఫోన్లో చదివాను. దొంగ నొప్పులని ఉంటాయంట. కాసేపు పడుకుంటే వాటంతటవే తగ్గిపోతాయంట."

"తగ్గినాయా?"

"లేదు."

"నొప్పులు దొంగవి కాదు, నువ్వే దొంగవి. ఎన్ని నిమిషాలకి ఒకటొస్తోంది?"

"చూళ్ళేదు."

"ఏం చేస్తుంటావు నువ్వు?"

"ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్తానండి."

"లెక్కలు చెప్తావు, నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతసేపో లెక్కపెట్టలేదు. నమ్మమంటావు."

"ఏడు నిమిషాలండి. ఇందాకటిదాకా పది."

"అలా రా దారికి. ఉండు, సిస్టర్ని పిలుస్తా."

"వద్దు! ఆయమ్మా, వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పకండి."

"కాళ్ళు పట్టుకోడానికి వంగగలవా నువ్వు ఇప్పుడు? వదులు, నా కొంగు వదులు."

"ఒక్కమాట వినండి. రేపు పదకొండూ పన్నెండు దాకా. అంతే. ఒక్కరోజు ఓర్చుకుంటాను. నాకు ఓపికుంది."

"నీకుంటే సరిపోద్దా? లోపలున్నవాడికి ఉండొద్దూ?"

"వాడి కోసమేనండీ! వాడి కోసమే ఆపుతున్నా. మీకు తెలీదు మా ఇంటి సంగతి."

"చెప్తే తెలుస్తుంది."

"మా ఆడపడుచు ఉంది. దీప్తి. మూడేళ్ళ క్రితం తనకీ ఆపరేషనే, మావగారే ముహూర్తం పెట్టారు. ఇక్కడ కాదు, వేరే ఊళ్ళో. ముందు కేసేదో ఆలస్యమైందంట, డాక్టరు రావడం లేటయింది. ముహూర్తానికి ఆరు నిమిషాలు దాటింది."

"అయితే?"

"బాబు. నాలుగు రోజులున్నాడు."

"అయ్యో తల్లీ."

"నాలుగు రోజులేనండీ. అద్దాలపెట్టెలో పెట్టారు. దీప్తి ఎత్తుకోను కూడా లేదు. ఆరు నిమిషాలకి అలా అయింది. ఆరు నిమిషాలకండీ! మరి నాకు? ఒక రోజు ముందు పుడితే నా బిడ్డ ఏమైపోవాలి?"

"ఆరు నిమిషాల వల్లే పోయాడని ఎవరు చెప్పారు నీకు?"

"అత్తగారు. ఇంట్లో అందరూ అదే అంటారు. నేను పెళ్ళయి ఆ ఇంటికెళ్ళిన వారంలోనే విన్నాను."

"మీ మావగారూ అదే అన్నాడా?"

"ఆయనేం మాట్లాడరు. ఆ ఊసెత్తితే కండువా భుజాన వేసుకుని బయటికెళ్ళిపోతారు. ఆ తర్వాత నెలరోజులు ఎవరికీ ముహూర్తాలు పెట్టలేదంట. ఎవరు అడిగినా లేదు పొమ్మన్నారంట."

"నీకు మాత్రం పెట్టాడు."

"నాకు పెట్టారు. అత్తగారు ఆర్నెల్ల నుంచి వెంటపడితే పెట్టారు. మన ఇంట్లో పిల్లలు ముహూర్తానికే పుడతారు, ఈసారి సెకను తప్పకూడదు అని ఆవిడ. మా ఆయన కూడా అంతే, అమ్మ మాటే. డాక్టరు గారు కాన్పుకిచ్చిన డేటు పోయిన గురువారమే దాటిపోయింది. ముహూర్తం కుదిరింది రేపటికి. మావగారు పసుపు కాయితం మీద రాసిచ్చారండీ, అత్తగారు దాన్ని దేవుడి దగ్గర పెట్టి రోజూ దీపం పెడుతున్నారు. నేను ఇవాళ కంటే ఆవిడ మొహం ఎలా... అబ్బ... అబ్బ..."

"వచ్చిందా? పట్టుకో, నా చెయ్యి పట్టుకో. కడ్డీ వదిలెయ్, అది పలకదు. ఊపిరి తీసుకో. నోటితో వదులు. వేడి టీ ఊదినట్టు ఊదు."

"వద్దు... రావొద్దు... ఇవాళ వద్దమ్మా..."

"ఎవర్ని బతిమాలుతున్నావే? వాడికి పంచాంగం చదవడం వచ్చా?"

"నవ్వించకండి. నొప్పేస్తోంది."

"నొప్పేస్తోందని నోటితో ఒప్పుకున్నావు, సంతోషం. నేను వెళ్ళి సిస్టర్‌కి చెప్పి తీరాలి. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి, కాదంటే కుదరదు. అది నా పని."

"పది నిమిషాలు. ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. తగ్గకపోతే నేనే చెప్తాను. ఒట్టు."

"ఎవరి మీద ఒట్టు?"

"మా ఆయన మీద."

"మొగుడి మీద ఒట్లు నిలబడగా నేను చూళ్ళేదు. సరే, పది నిమిషాలు. నేను ఇక్కడే కూర్చుంటా. ఈలోపు ఏం జరుగుద్దో చెప్తాను, విను. మొదటి కాన్పుకి ఎవరూ చెప్పరు. చెప్తే భయపడతారని చెప్పరు, చెప్పకపోతే ఇంకా భయపడతారు."

"నాకు ఆపరేషన్ కదండీ, మత్తిస్తారు. అవన్నీ నాకెందుకు?"

"వినమంటే వినమ్మాయ్. ముందు గౌను. తర్వాత కడుపు కడుగుతారు, ఎనీమా అంటారు దాన్ని. సిగ్గుపడకు, ఇక్కడ అందరికీ అదే. మణికట్టు మీద సూది గుచ్చి ప్లాస్టరేస్తారు. సెలైను దాంట్లోంచే పోద్ది. పొట్ట మీద రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండెకి, ఒకటి నీ నొప్పికి. గుర్రం పరిగెత్తినట్టు టకటకటకా వినపడుద్ది, అది నీ బిడ్డే. అది వింటే సగం భయం పోద్ది."

"నేను విన్నాను, స్కానింగ్‌లో."

"విన్నావు కదా. తర్వాత గంటకో రెండు గంటలకో సిస్టర్ వచ్చి లోపల చెయ్యి పెట్టి చూస్తుంది, ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందని. అది మాత్రం బాగోదు. నేను అబద్ధం చెప్పను, బాగోదు. కాళ్ళు బిగిస్తే ఇంకా బాగోదు. పది సెంటీమీటర్లయ్యాక ముక్కమంటారు. దొడ్డికి వచ్చినట్టే ఉంటుంది, చాలామంది బాత్రూముకి వెళ్తానని దిగబోతారు. వెళ్ళకూడదు. అది బిడ్డే."

"ఛీ."

"ఏం ఛీ? మహారాణులైనా అలాగే కన్నారు. ఇంకోటి, తిట్టాలనిపిస్తుంది. తిట్టు. మొగుణ్ణి తిట్టు, అత్తని తిట్టు, నన్ను తిట్టు. నేను రేపల్లె గవర్నమెంటాసుపత్రిలో మా పెద్దాణ్ణి కన్నప్పుడు మా ఆయన పేరయ్యని తిట్టిన తిట్లకి పక్క మంచం ఆవిడ చెవులు మూసుకుంది. ఆయన కిటికీ బయట నిలబడి అన్నీ విన్నాడు. ఇప్పటికీ సారా తాగొచ్చినప్పుడు ఒక్కోటీ గుర్తు చేసి ఏడుస్తాడు."

"ఏమని తిట్టారు?"

"నీలాంటి చదువుకున్నదాని ముందు చెప్పేవి కావులే. పుట్టగానే బిడ్డని నీ గుండెల మీద పెడతారు. తుడవకుండానే. వెచ్చగా, జిగటగా. అప్పుడు చూడు నీ సంగతి. ఆ తర్వాత మాయ పడాలి, అవసరమైతే రెండు కుట్లు. అదేం లెక్కలోకి రాదు. ఎన్ని నిమిషాలయింది?"

"ఆరు."

"మొహం అలా అయిందేం? మళ్ళీనా?"

"అయ్యో. అయ్యో ఆయమ్మా."

"ఏంటి?"

"ఏం లేదు. బాటిల్ ఒలికింది. మంచినీళ్ళ బాటిల్. పక్కంతా తడిసింది."

"బాటిల్ కిటికీ దగ్గరుంది. మూత కూడా తియ్యలేదు."

"అయితే నేనే తీసి... కాదు... ఆయమ్మా, ఇంకా కారుతోంది. ఆగట్లేదు. ఆపండి దాన్ని!"

"అది ఆగేది కాదు తల్లీ, ఉమ్మనీరు పోయింది. కదలకు. కీర్తన సిస్టరూ! ఆరో నంబరు! బిరాన రావాలి! ఉమ్మనీరు పోయింది!"

"పిలిచేశారా! పది నిమిషాలన్నారు కదా, ఆరే కదా అయింది!"

పదకొండున్నర. లేబర్ రూం.

"కాళ్ళు వదులు."

"వదల్ను."

"మేధమ్మా, బంగారూ, కాళ్ళు దగ్గరికి బిగించుకుంటే వాడెటు రావాలి?"

"రావొద్దనే కదండీ!"

"డాక్టరు మేడం గారు ఏం చెప్పారో విన్నావా లేదా?"

"వినలేదు."

"విన్నావు. ఎనిమిది సెంటీమీటర్లు. మొదటి కాన్పుకి ఇంత త్వరగా రావడం అదృష్టం అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, మామూలుగానే అవుద్ది అన్నారు. ఇంకేం కావాలి మనిషికి?"

"రేపు కావాలి."

"నీరు కొంచెం పచ్చగా ఉందన్నారు, అది విన్నావా? బిడ్డ లోపల కంగారు పడుతున్నాడు. ఇదిగో ఈ మిషను చూడు. నొప్పి వచ్చినప్పుడల్లా టకటక తగ్గుతోంది. నువ్వు ఊపిరి బిగబడితే ఇంకా తగ్గుతోంది."

"తగ్గుతోందా? ఎంత తగ్గుతోంది? ఎంతుండాలి?"

"లెక్కల టీచరువి కదా, చూసుకో. ఇందాక నూట నలభై. నువ్వు బిగపట్టినప్పుడు నూట పది. మళ్ళీ ఎక్కింది. అరగంట చూస్తానన్నారు మేడం. పక్క థియేటర్లో ఆవిడ చేస్తున్న ఆపరేషన్ అయ్యేలోపు నువ్వు దారికి రాకపోతే ఇక్కడికిక్కడే కొయ్యాలన్నారు. అప్పుడైనా ఇవాళే కదే పుట్టేది!"

"ఆపే ఇంజక్షన్ ఉంటుందంట కదండీ. అది ఇవ్వమనండి. ఒక్కరోజు."

"ఏడో నెల్లో ఇస్తారు దాన్ని. నీళ్ళు పోయి ఎనిమిదికి వచ్చాక ఇస్తారా? గడపలోకొచ్చిన చుట్టాన్ని తలుపేసి రేపు రమ్మన్నట్టుంది."

"మీకు నవ్వులాటగా ఉంది. చచ్చిపోతాడండీ! నా బిడ్డ ఇవాళ పుడితే చచ్చిపోతాడు. దీప్తి బాబుని నేను ఫొటోలో చూశాను. కళ్ళు కూడా తెరవలేదు. ముక్కులో గొట్టాలు. నాకు రోజూ అదే కల. ఎనిమిది నెలల్నుంచి అదే కల... వస్తోంది, వస్తోంది, అమ్మా..."

"ఊదు. ఊదు. అరువు కావాలంటే. అరువమ్మా, ఎవరూ ఏమనుకోరు."

"అమ్మా! అమ్మని పిలవండి!"

"మీ అమ్మ బయట తలుపుకి తల కొట్టుకుంటోంది. ఆవిడకీ నీ భయమే. 'వియ్యంకుడిగారికి ఏం చెప్పాలి, వియ్యపురాలికి ఏం చెప్పాలి' అని ఒకటే గొణుగుడు. కూతురు ఎలా ఉందని ఒక్కసారి అడిగితే ఒట్టు. సరే, అడిగిందిలే, రెండు సార్లు అడిగింది."

"మా అత్తగారొచ్చారా?"

"లేదు. మీ ఆయనా ఆవిడా బాపట్లలో రైలెక్కారంట. పొన్నూరు దాటారంట."

"అమ్మో. మావగారికి తెలిసిందా?"

"ఎవరూ చెప్పలేదంట. ఆయన మా రేపల్లెలోనే ఉన్నాడంట కదా, ఎవరిదో గృహప్రవేశమని. సాయంత్రం రైలుకి ఇక్కడికొస్తాడంట. ఇందాక ఫోన్ చేస్తే మీ అమ్మ 'అమ్మాయి బాగానే ఉంది అన్నయ్యగారూ, పడుకుంది' అని చెప్పింది. ఇంటిల్లిపాదీ అబద్ధాలకోరులే! తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే బడిలో చదివారు."

"ఆయనకి చెప్పకండి. ఆయన మాట పోతుంది. బాపట్లలో అందరికీ తెలుసు రేపని. సొంత కోడలికే ఆయన పెట్టిన ముహూర్తం కుదరలేదంటే ఇంక ఎవరొస్తారు ఆయన దగ్గరికి?"

"ఆయన మాట, ఆవిడ దీపం, ఆయన పరువు. నీ గురించి ఎవరు ఆలోచిస్తున్నారే ఇక్కడ? ఉండు."

"ఎక్కడికి? రావమ్మ గారూ! వెళ్ళకండి! నన్నొదిలి వెళ్ళకండీ!"

"తలుపు దాకా, మీ అమ్మ దగ్గరికి. వెనక్కి వస్తా. అమ్మా, ఇందుమతమ్మగారూ! అమ్మాయి ఫోను ఓసారి ఇలా ఇవ్వండి... ఎందుకంటే ఎందుకులెండి, డాక్టరమ్మ అడిగారు... ఆఁ. ఇదిగో, వచ్చేశాను."

"ఫోనెందుకు?"

"బొటనవేలు పెట్టు. తెరుచుకోవాలి కదా."

"పెట్టను."

"పెట్టకపోతే సిస్టర్ దగ్గర ఫైల్లో నంబరుంది. నా ఫోన్లోంచి చేస్తా, నా డబ్బులు పోతాయి. పెట్టు."

"మీరేం చేస్తున్నారండీ? ఆయన తిడతారు. ఆయన కోపం మీకు తెలీదు."

"నా కోపం ఆయనకి తెలీదు. మావగారు... ఇదేనా? పోతోంది. ఉష్, నువ్వు ఊదుకుంటూ ఉండు."

"హలో! అమ్మాయ్, చెప్పు. లేచావా?"

"అమ్మాయి కాదండీ పంతులుగారూ. నేను ఆసుపత్రిలో ఆయమ్మని. రావమ్మ అంటారు నన్ను. మాది మీరిప్పుడున్న రేపల్లే."

"ఆయమ్మా? ఏమైంది? అమ్మాయికేమైంది? మేధకేమైంది?"

"ఇప్పటిదాకా ఏం కాలేదు. ఇంకో పావుగంటలో ఏమవుద్దో మీ చేతిలోనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి నొప్పులు. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు పోయినాయి. డాక్టరమ్మ మామూలు కాన్పు అవుద్దంటోంది. ఈ పిల్ల కాళ్ళు ముడుచుకుని, రేపు పదకొండూ పన్నెండు దాకా కనను, కనను అని మొండికేసింది. బిడ్డ గుండె తగ్గుతోంది. నేను చదువుకోలేదు పంతులుగారూ, నాకు శాస్త్రాలు తెలీవు. పదహారేళ్ళుగా పిల్లల్ని పట్టుకుంటున్నా. మంగళవారం పుట్టినోళ్ళు, అమావాస్యనాడు పుట్టినోళ్ళు, ఆటోలో పుట్టినోళ్ళు కూడా సుబ్బరంగా బడికి పోతున్నారు. మీరు ఒక్కమాట చెప్పండి. ముహూర్తం లేకపోయినా ఫర్వాలేదు, కను అని చెప్పండి. చెప్పలేకపోతే కనీసం నోరు మూసుకుని ఫోను పెట్టెయ్యండి. తిట్టారంటే మాత్రం నేనొప్పుకోను. వింటున్నారా?"

"వింటున్నానమ్మా. రేపటిదాకా ఎందుకు ఆపుతోంది? నాకు భయపడా?"

"మీకూ, మీ ఆవిడకీ. అంతకన్నా ఎక్కువ ఆ ఆరు నిమిషాలకి."

"ఏ ఆరు నిమిషాలు?"

"మీ అమ్మాయి బాబు సంగతి. ముహూర్తం ఆరు నిమిషాలు తప్పితే పోయాడంట కదా. తన బిడ్డ ఇవాళ పుడితే అలాగే పోతాడని ఏడుస్తోంది."

"అయ్యో. అయ్యో రామచంద్రా. ఆ ఫోను అమ్మాయి చెవి దగ్గర పెట్టండి. కాదు, స్పీకరు పెట్టండి, మీరూ వినండి. మేధా!"

"మావయ్యగారూ, తప్పయిపోయిందండీ. నేను ఆపుదామనే చూశాను. పొద్దుట్నుంచీ ఆపుదామనే..."

"ఆపావా? పొద్దుట్నుంచీ? నీకేమైనా మతి పోయిందా అమ్మాయ్! ఎవరాపమన్నారు నిన్ను?"

"చూశారా ఆయమ్మా, చెప్పానా..."

"పంతులుగారూ, తిట్టొద్దన్నాను!"

"తిట్టట్లేదమ్మా. నన్ను నేను... మేధా, విను. దీప్తి బాబు ఆరు నిమిషాలకి పోలేదు."

"మరి?"

"ఇరవై ఆరు రోజులు. డాక్టరిచ్చిన డేటుకి ఇరవై ఆరు రోజుల ముందు పెట్టాను నేను. లగ్నం అంత బాగుందని. ఇలాంటిది మళ్ళీ రెండేళ్ళదాకా రాదని. ఆ డాక్టరు తొందరపడొద్దంటే వినకుండా బతిమాలింది నేనే. బిడ్డకి ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదమ్మా. పోయిన తర్వాత ఆవిడ నన్నొక్కణ్ణీ గదిలోకి పిలిచి చెప్పింది. బయటికొచ్చేసరికి మీ అత్తగారు ఆరు నిమిషాలు, ఆరు నిమిషాలు అని గుండెలు బాదుకుంటోంది. నేను కాదనలేదు."

"మావయ్యగారూ..."

"మూడేళ్ళు కాదనలేదు. నా కూతురు ఆ డాక్టర్ని ఇప్పటికీ తిడుతుంటే పక్కనే కూర్చుని వింటున్నాను. పిరికివాణ్ణి. అది నీ దాకా వస్తుందని నేననుకోలేదు."

"వస్తోంది... మావయ్యగారూ, వస్తోందండీ..."

"రానియ్యి! రానియ్యమ్మా, ఆపకు! ఆయమ్మగారూ, పట్టుకోండి దాన్ని!"

"పట్టుకున్నానండీ. ఊదు తల్లీ. కాళ్ళు వదులు. ఆఁ, వదిలింది! వదిలింది పంతులుగారూ! కీర్తన సిస్టరూ, మేడం గార్ని పిలవండి, తల కనపడుతోంది! మిషను చూడు మేధా, నూట నలభై. చూశావా, నువ్వు వదిలితే వాడూ ఊపిరి పీల్చుకున్నాడు."

"కానీ మావయ్యగారూ... రేపు మంచి లగ్నం కదండీ... మీ చేత్తో మీరే రాసిచ్చారు కదా... అదొదిలేసి ఇవాళ..."

"రాయకపోతే మీ అత్తగారూ, నా కొడుకూ ఇంకో సిద్ధాంతి దగ్గరికి పరిగెత్తేవాళ్ళమ్మా. డేటుకి ముందువారమో, ఆ ముందువారమో రాయించుకుని నిన్ను బల్లెక్కించేవాళ్ళు. అందుకని మీ డాక్టరు దగ్గరికి నేనొక్కణ్ణే వచ్చి అడిగాను, నొప్పుల కోసం ఎన్నాళ్ళు ఆగొచ్చని. ఆవిడ ఎంతదాకా ఆగొచ్చందో అక్కడికి రాశాను, ఆలోపు నీ అంతట నీకే వస్తాయని. రేపు అసలు మంచి రోజే కాదు తల్లీ. పంచాంగం చేతబట్టి నలభై ఏళ్ళలో నేనాడిన అబద్ధం అదొక్కటే."